కూతురి దరఖాస్తు కంటే ముందు డిశ్చార్జి బుక్కు తెరవండి

అల్వాల్ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఆమె భర్త సైన్యంలో పదిహేడేళ్లు చేసి నాయక్‌గా పింఛను మీద వచ్చారు. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంటులో సెక్యూరిటీ సూపర్‌వైజరు. పెద్దమ్మాయి ఇంటర్‌లో 91 శాతం తెచ్చుకుని ఈ ఏడాదే బి.టెక్. మొదటి సంవత్సరంలో చేరింది. అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. మామగారు కూడా ఫౌజీయే, 1971 యుద్ధంలో పాల్గొన్నారు, ఇప్పుడు వీరి దగ్గరే ఉంటున్నారు. "మావారి సర్వీసు మీద, మామగారి సర్వీసు మీద పిల్లల చదువుకు ఏమేమి వస్తాయి? మూడు వేలు ఇస్తే అన్నీ తానే చేయిస్తానని ఒక ఏజెంటు తిరుగుతున్నాడు, ఇవ్వమంటారా?" అని అడిగారు.

అమ్మా, నేను ఈఎంఈలో, అంటే సైన్యంలో యంత్రాలు, వాహనాలు బాగుచేసే విభాగంలో, హవల్దార్ క్లర్కుగా ఇరవై నాలుగేళ్లు చేసి వచ్చినవాణ్ని. మల్కాజ్‌గిరిలో ఉంటాను. పదేళ్లకు పైగా తోటి మాజీ సైనికుల కాగితాలు సరిచూసిపెట్టడం నాకు ఒక అలవాటుగా మారింది. జీతం లేదు, టీ మాత్రం ఎవరో ఒకరు తాగిస్తారు. సమాధానం కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ దరఖాస్తుకు రుసుమే లేదు. కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైటులో మీ అమ్మాయి కంప్యూటర్ ముందు ఒక గంట కూర్చుంటే తనే నింపుకోగలదు. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల ఆ మాత్రం చేయలేకపోదు కదా. ఏజెంటు కూడా అదే వెబ్‌సైటులో అదే పని చేస్తాడు. తరువాత అసలు కాగితాలు పట్టుకుని సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాల్సింది ఎలాగూ మీవారే. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కును ఏజెంటు చేతిలో పెట్టడమంటే పట్టాదారు పాసుపుస్తకాన్ని దారినపోయేవాడికి ఇచ్చి రావడమే. ఒక పెద్దాయన అలాగే ఇచ్చి, ఆ బుక్కు కోసం ఆరు నెలలు ఏజెంటు ఇంటి చుట్టూ తిరగడం నేను చూశాను.

మామగారి సర్వీసు మీద మీ పిల్లలకు కాలేజీ స్కాలర్‌షిప్ రాదు. ఆయన యుద్ధం చేసినవారైనా సరే. మన దేశంలోని ఈ పథకాల్లో 'వార్డు' అంటే మాజీ సైనికుడి సొంత బిడ్డ. మనవలు, మనవరాళ్లు ఆ మాట కిందికి రారు. చాలామంది ఫోనులో వెతికి అమెరికా పేజీలు చూసి పొరబడుతుంటారు. అక్కడి లెక్కలు వేరు. సర్వీసులో ఉన్న సైనికుడు జీఐ బిల్లు అనే చట్టం కింద తనకున్న చదువు హక్కును, నియమాలకు లోబడి, పిల్లలకు బదిలీ చేయవచ్చు. 2001 సెప్టెంబరు 11, ఆ తరువాత విధి నిర్వహణలో మరణించినవారి పిల్లలకు ఫ్రై స్కాలర్‌షిప్ ఉంది. తాతలు, ముత్తాతల సర్వీసు చూసి సాయం చేసే ప్రైవేటు సంఘాలు కూడా అక్కడ ఉన్నాయి. అవేవీ అల్వాల్‌లో పనికిరావు.

మామగారి విషయంలో మీరు అడగని ప్రశ్న ఒకటుంది, దానికీ జవాబు చెబుతాను. ఆ రోజుల్లో కొద్ది సంవత్సరాలు పనిచేసి పింఛను లేకుండా ఇంటికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. మీ మామగారు అలాంటివారై, హవల్దార్ లేదా అంతకంటే కింది ర్యాంకులో బయటికి వచ్చి ఉంటే, 65 ఏళ్లు దాటిన పింఛను లేని మాజీ సైనికులకు రక్షణ మంత్రి సంక్షేమ నిధి నుంచి నెలనెలా ఆర్థిక సాయం ఉంది. ఇదివరకు 4,000 ఇచ్చేవారు. 2025 నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకు దాన్ని 8,000 చేశారు. మనవరాలి ఫీజు కోసం ఆయన పేరు వెతుకుతున్నారు గానీ, ముందు ఆయనకే రావలసినది ఏమైనా ఉందేమో చూడండి.

ఇక అసలు విషయం. మీ అమ్మాయికి తగినది ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం. ఇది 2006-07లో మొదలైంది. 1962లో దేశ రక్షణ కోసం జనం ఇచ్చిన విరాళాలతో జాతీయ రక్షణ నిధి ఏర్పడింది కదా, ఈ స్కాలర్‌షిప్ డబ్బు దాన్నుంచే వస్తుంది. మాజీ సైనికుల పిల్లలకు, సైనికుల వితంతువులకు ఏటా కొత్తగా 5,500 మందికి ఇస్తారు. అందులో సగం, అంటే 2,750, అమ్మాయిలకే. నెలకు అమ్మాయికి 3,000, అబ్బాయికి 2,500 చొప్పున ఏడాది మొత్తం ఒకేసారి ఖాతాలో పడుతుంది. 2019 మే నెలలో పెంచక ముందు ఇవి 2,250, 2,000. మీ అమ్మాయికి నాలుగేళ్లూ ఆగకుండా వస్తే 1,44,000 రూపాయలు. పెద్ద ఫీజుల కాలేజీలో అది ఒక మూలకు రాదని మీవారు అనవచ్చు. హాస్టలు, పుస్తకాలు, బస్సు పాసు ఖర్చులు చూసుకోమనండి, అప్పుడు తెలుస్తుంది.

అర్హత మార్కు 60 శాతం. ఇంటర్ తరువాత చేరే కోర్సయితే ఇంటర్ మార్కులు, అంటే వెయ్యికి ఆరు వందలు చూస్తారు. పాలిటెక్నిక్ డిప్లొమా మీద నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారికి డిప్లొమా మార్కులు, ఎంబీఏ, ఎంసీఏ, బి.ఎడ్. వంటివాటికి డిగ్రీ మార్కులు. కానీ 60 శాతం ఉన్నంత మాత్రాన వచ్చేసినట్టు కాదు. ముందు వరుసలో యుద్ధంలో, సైనిక చర్యల్లో అమరులైనవారి కుటుంబాలు ఉంటాయి. వారి తరువాత అలాంటి చర్యల్లోనే అంగవైకల్యం పొందినవారు, ఆపైన సర్వీసు కారణంగా మరణించినవారు, సర్వీసు కారణంగా వైకల్యం వచ్చినవారు, శౌర్య పతకాలు పొందినవారు. మామూలుగా సర్వీసు ముగించుకుని వచ్చిన జవాన్ల పిల్లలు వీరందరి తరువాతే. అక్కడ మార్కుల మీద పోటీ. 91 శాతంతో మీ అమ్మాయి ఆ పోటీలో గట్టిగానే నిలబడుతుంది.

చదువు వృత్తి విద్యా కోర్సు అయి ఉండాలి. బి.టెక్., ఎంబీబీఎస్, బీడీఎస్, బి.ఫార్మసీ, బీబీఏ, బీసీఏ, బి.ఎడ్. లాంటివి. మామూలు బీఏ, బీకామ్, బీఎస్సీలకు ఇది రాదు. విదేశంలో చదువుకు కూడా రాదు. తండ్రి ఇంకా సర్వీసులోనే ఉంటే ఆ పిల్లలకూ రాదు.

అన్నిటికంటే కఠినమైన నియమం ఒకటుంది: మొదటి సంవత్సరంలో ఉండగానే దరఖాస్తు పెట్టాలి. రెండో సంవత్సరంలో గుర్తొచ్చి పరుగెత్తుకు వస్తే చేసేదేమీ ఉండదు. గడువు తేదీ ఏటా మారుతుంది, సైనిక్ బోర్డు వెబ్‌సైటులో ప్రకటిస్తారు. కాబట్టి వారానికి ఒకసారైనా ఆ పేజీ తెరిచి చూడమని మీ అమ్మాయికి చెప్పండి.

ఇంతవరకు చెప్పింది ఎక్కడైనా దొరుకుతుంది. నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం వేరు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో మార్కులు చాలక పోగొట్టుకున్న పిల్లలు తక్కువ. పేరు కలవక పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. అందులో నా కొడుకు ఒకడు.

వాడు 1999లో పుట్టాడు. నేను అప్పుడు పఠాన్‌కోట్‌లో ఉన్నాను. మా నాన్న ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసి "బుజ్జిబాబు పుట్టాడురా" అన్నాడు. ఆ సంతోషంలో నేను యూనిట్‌లో ఫారం నింపి ఇచ్చేశాను. నెల తరువాత సెలవు మీద ఇంటికి వచ్చి బారసాల చేసి వేరే పేరు పెట్టాం. బడిలో ఆ పేరే, పదో తరగతి మెమోలో ఆ పేరే. సైన్యం దృష్టిలో మాత్రం నా కొడుకు బుజ్జిబాబు. తెలియని మనిషిని కాదు నేను. సైనికుడికి పెళ్లయినా, బిడ్డ పుట్టినా యూనిట్ నుంచి పార్ట్ టూ ఆర్డర్ వెలువడితేనే అది రికార్డు అవుతుంది. అలాంటి ఆర్డర్లు వందలకొద్దీ నా చేత్తో టైపు చేశాను. పక్కవాడి కూతురి పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే కేకలేసి దిద్దించినవాణ్ని, నాది మాత్రం వచ్చే సెలవులో చూద్దాం, వచ్చే ఏడాది చూద్దాం అనుకుంటూ అలాగే డిశ్చార్జి తీసుకున్నాను. 2017లో వాడు బి.టెక్.లో చేరాడు. కాగితాలు పట్టుకుని వెళితే కౌంటరు దగ్గర ఉన్నాయన డిశ్చార్జి బుక్కు, మెమో పక్కపక్కన పెట్టి, "హవల్దార్ సాబ్, ఈ బుజ్జిబాబు ఎవరు?" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. దిద్దుబాటు అయి వచ్చేసరికి ఆ ఏడాది గడువు దాటింది. అప్పటి లెక్కన ఏడాదికి 24,000 చొప్పున నాలుగేళ్లకు 96,000 పోయింది. నా భార్య ఇప్పటికీ కోపం వస్తే నన్ను బుజ్జిబాబు నాన్నా అనే పిలుస్తుంది.

మన తెలుగువాళ్లకు ఈ బాధ కాస్త ఎక్కువ. మనకు ఇంటిపేరు ముందు, పేరు తరువాత. ఉత్తరాది గుమాస్తాకు చివరి మాటే ఇంటిపేరు. కొమ్ము యాదయ్య అనే జవాను ఉన్నాడనుకోండి. భర్తీ నాడు కె. యాదయ్య అని రాసుకుంటారు. ఇంకో కాగితంలో యాదయ్య కొమ్ము అవుతాడు. కూతురు స్వాతి పేరు రాయవలసి వచ్చినప్పుడు ఎవరో స్వాతి యాదయ్య అని రాస్తారు. పదో తరగతి మెమోలో ఆ పిల్ల కొమ్ము స్వాతి, తండ్రి పేరు కొమ్ము యాదయ్య. ఆధార్‌లో కె. స్వాతి. అందరూ ఒకే మనిషి గురించే రాశారు, కానీ కాగితాలు పక్కపక్కన పెడితే ముగ్గురు స్వాతులు, ముగ్గురు యాదయ్యలు కనబడతారు. దీనికి తోడు పుట్టినతేదీ. బడిలో చేర్చేనాడు పంతులుగారు వయసు సరిపోవడానికి జూన్ నెలలో ఏదో ఒక తేదీ రాసేసిన ఇళ్లు మన దగ్గర కోకొల్లలు. డిశ్చార్జి బుక్కులో మాత్రం పుట్టిన అసలు తేదీ ఉంటుంది. మీ ఇంట్లో అలా జరిగిందో లేదో ఈ రాత్రే చూడండి.

చూడటం ఎలాగంటే: డిశ్చార్జి బుక్కులో కుటుంబ వివరాల పేజీ తెరవండి. పక్కన అమ్మాయి పదో తరగతి మెమో, ఆధార్, మీవారి పింఛను ఉత్తర్వు, అంటే పీపీఓ, పెట్టండి. మూడు సంగతులు సరిచూడండి: అమ్మాయి పేరు, పుట్టినతేదీ, తండ్రి పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో స్పెల్లింగుతో సహా చూడాలి. లక్ష్మి చివర ఒకచోట ఐ, ఇంకోచోట వై ఉన్నా అడ్డుకట్ట పడుతుంది. అన్నీ కలిస్తే మీ అదృష్టం, తిన్నగా దరఖాస్తు నింపేయండి.

కలవకపోతే, కంగారుపడి మెమో మార్చే పనికి పూనుకోకండి. అమ్మాయి చదువు కాగితాలు అన్నీ ఒకే పేరు మీద ఉన్నప్పుడు వాటిని కదపకూడదు, సైన్యం రికార్డునే దిద్దించాలి. దిద్దేది మీవారి రికార్డ్స్ ఆఫీసు. ఈఎంఈ, ఏఓసీ (ఆర్మీ ఆర్డినెన్స్ కోర్) వాళ్లది సికింద్రాబాద్‌లోనే ఉంది, ఆ విధంగా మనం అదృష్టవంతులం. మద్రాస్ రెజిమెంటువాళ్లకు వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్ గ్రూపువాళ్లకు బెంగళూరు. ఆర్టిలరీవాళ్ల సంగతి చిత్రంగా ఉంటుంది. శిక్షణ మన గోల్కొండలో, కాగితం మాత్రం నాసిక్‌లో. మీవారు ఏ కోర్ అన్నది మీరు రాయలేదు, కానీ దారి అందరికీ ఒకటే. పుట్టిన సర్టిఫికెట్, మెమో, ఆధార్ నకళ్లు, ఈ రెండు పేర్లూ ఒకే అమ్మాయివని తల్లిదండ్రులు ఇచ్చే అఫిడవిట్, డిశ్చార్జి బుక్కులోని ఆ పేజీ నకలు, మీవారి దరఖాస్తు. వీటిని సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్స్‌కు పంపాలి. పంపినరోజు రసీదు తీసుకోండి. తపాలాలో పంపితే రిజిస్టర్డ్ పోస్టు చీటీ దాచండి. పదిహేను రోజులకొకసారి గుర్తుచేస్తూ ఉత్తరం వేయండి. ఫోనులో మర్యాదగా మాట్లాడితే రికార్డ్స్‌లో కుర్రాళ్లు సాయం చేస్తారు. మీవారు తన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు చెప్పి మాట్లాడితే ఇంకా త్వరగా పలుకుతారు, అది ఫౌజీల అలవాటు.

ఒకటి రెండు అక్షరాల తేడా మాత్రమే ఉంటే, దిద్దుబాటు వచ్చేదాకా ఆగకుండా అఫిడవిట్ జతచేసి గడువులోగా దరఖాస్తు పెట్టేయడం మేలు. గడువు దాటిన దరఖాస్తును ఎవరూ కాపాడలేరు. లోపమున్న దరఖాస్తునైతే దిద్దుకోమని వెనక్కి పంపుతారు, అప్పుడు చేతిలో ఇంకో అవకాశం ఉంటుంది. వెనక్కి పంపిన సంగతి వెబ్‌సైటులో లాగిన్ అయితేనే కనబడుతుంది. అది చూసుకోక చేజార్చుకున్నవాళ్లూ ఉన్నారు.

దరఖాస్తుకు మూడు సర్టిఫికెట్లు ముఖ్యం. మాజీ సైనికుడని సైనిక సంక్షేమ అధికారి ఇచ్చేది ఒకటి, కాలేజీ బోనఫైడ్ ఒకటి, బ్యాంకు ఇచ్చేది ఒకటి. మూడింటికీ సైనిక్ బోర్డు సొంత నమూనాలు ఉన్నాయి, అవి దించుకుని వాటి మీదే సంతకాలు చేయించాలి. కాలేజీ ఆఫీసువాళ్లు తమకు అలవాటైన పాత బోనఫైడ్ కాగితం ఇచ్చి పంపేస్తారు. వద్దని చెప్పి నమూనా మీదే తెచ్చుకోమనండి. కోర్సు పేరు, కోర్సు కాలం, చేరిన తేదీ అందులో స్పష్టంగా ఉండాలి. బ్యాంకు ఖాతా అమ్మాయి పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో ముడిపడి ఉండాలి. చిన్నప్పుడు తెరిచిన ఖాతా ఇంకా సంరక్షకుడి పేరుతోనే నడుస్తుంటే, పద్దెనిమిది నిండగానే మార్పించాలి. డబ్బు మంజూరై కూడా ఖాతా దగ్గర ఆగిపోవడం నేను చూశాను.

మొదటిసారి వచ్చాక నిశ్చింతగా ఉండకూడదు. ఏటా రెన్యువల్ ఉంటుంది, దానికి ప్రతి సంవత్సరమూ 50 శాతం తగ్గకుండా ఉండాలి. జేఎన్‌టీయూ మెమోలో గ్రేడ్లు, పాయింట్లు ఉంటాయి, శాతం కనబడదు. కాలేజీ నుంచి శాతంలోకి మార్చిన కాగితం తీసుకోండి. బ్యాక్‌లాగ్‌లు పెట్టుకోవద్దని మీరు ఎలాగూ చెబుతారు. ఈసారి డబ్బు లెక్కతో సహా చెప్పండి, పిల్లలకు ఎక్కుతుంది.

రెండోది, రక్షణ మంత్రి సంక్షేమ నిధి నుంచి వచ్చే విద్యా సాయం. దీని డబ్బు సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి నుంచి వస్తుంది. డిసెంబరు 7న బడిలో పిల్లల చొక్కాలకు గుచ్చే ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా గుర్తుందా? ఆ రూపాయి ఇలా తిరిగి వస్తుంది. హవల్దార్, దానికి సమానమైన ర్యాంకు వరకు పనిచేసినవారికి, వారి వితంతువులకు ఇది వర్తిస్తుంది. మీవారు నాయక్, అంటే హవల్దార్ కంటే కింది ర్యాంకు, కాబట్టి సరిపోతారు. ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు, ఇద్దరు పిల్లల దాకా. బిడ్డకు నెలకు 1,000 ఉండేది, 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 2,000 అయింది. అంటే ఏడాదికి 24,000. పాసైన తరగతికి అడుగుతాం కాబట్టి మార్కుల మెమో జతచేయాలి. ఇదే చదువుకు రాష్ట్ర ప్రభుత్వం నుంచి గాని, ఇప్పుడు పనిచేస్తున్నచోటి నుంచి గాని విద్యా సాయం తీసుకోవడం లేదని ఒక మాట రాసివ్వాలి. మీవారి అపార్ట్‌మెంటు ఉద్యోగంలో అలాంటిది ఏమీ ఉండదనుకుంటాను, ఉంటే దాచకండి.

ఈ సాయం విలువ బీఏ, బీకామ్ చదివే పిల్లల తల్లిదండ్రులకు బాగా తెలియాలి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వాళ్లకు తలుపు వేస్తుంది, ఇది తెరుస్తుంది. మీ ఇంట్లో దీనికి ముందుగా తగినవాడు మీ అబ్బాయి. ఇంటర్ మొదటి సంవత్సరం పాసవగానే వాడి పేరు మీద పెట్టండి.

అబ్బాయికి డబ్బు కంటే ముందు ఆలోచించాల్సింది సీటు. తెలంగాణ ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఇంజనీరింగ్ సీట్లలో 2 శాతం క్యాప్ కోటా ఉంది, అంటే సైనికుల, మాజీ సైనికుల పిల్లలకు. అమ్మాయికి దీన్ని వాడుకున్నారో లేదో మీరు రాయలేదు. వాడుకోకపోతే అది పోయిన అవకాశం, అబ్బాయికైనా పోనివ్వకండి. దరఖాస్తు నింపేటప్పుడే ప్రత్యేక కేటగిరీ దగ్గర క్యాప్ అని గుర్తు పెట్టాలి. సర్టిఫికెట్ల పరిశీలన మామూలు హెల్ప్‌లైన్ కేంద్రంలో కాకుండా మాసాబ్‌ట్యాంక్‌లోని సాంకేతిక విద్యా భవన్‌లో జరుగుతుంది. ఆ రోజు అక్కడ ఎన్‌సీసీ పిల్లలు, క్రీడాకారులు, మనవాళ్లు అందరూ కలిసి తిరునాళ్లలా ఉంటుంది. అసలు డిశ్చార్జి బుక్కు, గుర్తింపు కార్డు, సైనిక సంక్షేమ అధికారి సర్టిఫికెట్ ఉండాలి. చూస్తున్నారా, ఇక్కడా ఆ కుటుంబ పేజీనే తెరుస్తారు. అబ్బాయి పేరు ఇప్పుడే సరిచూసుకుంటే మీకు ఏడాదిన్నర సమయం ఉంది.

అబ్బాయి జేఈఈ మెయిన్ రాస్తే, పుణెలోని ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని గుర్తు పెట్టుకోండి. అది ఆర్మీవారి పిల్లల కోసమే నడిచే కాలేజీ, జేఈఈ ర్యాంకు మీద చేర్చుకుంటారు. బైపీసీ పిల్లలున్న ఇళ్లవాళ్లు చదువుతుంటే వారికో మాట: ఆర్మీ కాలేజ్ ఆఫ్ డెంటల్ సైన్సెస్ మన సికింద్రాబాద్‌లోనే ఉంది, నీట్ ర్యాంకుతో. ఇంటి పక్కన పెట్టుకుని చాలామందికి తెలియదు.

ఇదే ప్రశ్న అడగబోయే మరి ఇద్దరి కోసం కూడా రాస్తున్నాను. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ వాళ్ల పిల్లలకు కూడా ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది, రేట్లు కూడా అవే. కానీ అది హోం శాఖ కింద, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నడుస్తుంది. హకీంపేట నుంచి ఒకాయన రెండుసార్లు సైనిక సంక్షేమ కార్యాలయానికి వచ్చి వట్టి చేతులతో వెనుదిరిగాడు, తలుపే వేరు మరి. ఇక యుద్ధంలో, సైనిక చర్యల్లో అమరులైనవారి, గల్లంతైనవారి, వైకల్యం పొందినవారి పిల్లలకు ట్యూషన్ ఫీజు మొత్తం భరించే పథకం 1971 యుద్ధం తరువాత మొదలైంది. 2017లో ట్యూషన్, హాస్టలు ఫీజులు కలిపి నెలకు 10,000 మించకూడదని పరిమితి పెట్టి, విమర్శలు రావడంతో 2018 మార్చిలో ఎత్తేశారు. ఆ పాత పరిమితిని పట్టుకుని ఎవరైనా మిమ్మల్ని వెనక్కి పంపితే ఈ సంగతి చెప్పండి. అలాంటి కుటుంబాల పిల్లలకు ప్రతి ఐఐటీలోనూ రెండు సీట్లు ప్రత్యేకంగా చూస్తారు. వీరనారులు, అంటే అమరులైన సైనికుల భార్యలు, ఎవరైనా మీ వీధిలో ఉంటే వెళ్లి చెప్పిరండి, వాళ్లలో చాలామంది ఆఫీసు మెట్లు ఎక్కడానికే సంకోచిస్తారు.

మీరు ఈ వారం చేయవలసింది. మీవారు డ్యూటీ మార్చుకుని ఒకరోజు ఉదయమే సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలి. అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, పోర్టల్‌లో లాగిన్ అయ్యే ఫోను నంబరు ఆమె దగ్గరే ఉంటుంది, ఓటీపీ దానికే వస్తుంది. అసలు కాగితాలు ప్లాస్టిక్ కవరులో, నకళ్లు రెండు జతలు. మాజీ సైనికుడి గుర్తింపు కార్డు మరచిపోవద్దు. డిశ్చార్జి బుక్కు పాతబడి పేజీలు విడిపోయి ఉంటే లామినేషన్ చేయించకండి, దిద్దుబాటు రాయడానికి, ముద్ర వేయడానికి చోటు ఉండదు. ఒక గట్టి అట్ట కవరు వేసి చాలించండి. కుటుంబ పేజీ మీద పసుపు, కుంకుమ మరక ఉన్నా ఫర్వాలేదు, మా ఇంట్లో దానికీ దసరాకు పూజ చేసేవాళ్లం.